ఇంట్లో రోజుకో గంట నిశ్శబ్దం సంపాదించుకోవడం ఎలా

"ఇంకేం కావాలమ్మా నీకు?" అని ఒకసారి మా అమ్మను అడిగాను. ఆ అడగడంలో కొంచెం విసుగు కూడా ఉంది. పింఛను వస్తోంది, మనవలు కళ్ల ముందే తిరుగుతున్నారు, మోకాళ్ల నొప్పులు తప్ప పెద్ద జబ్బేమీ లేదు. అమ్మ కాసేపు ఆలోచించి, "ఏ చప్పుడూ లేకుండా కాసేపు కూర్చోవాలని ఉందిరా" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. సుఖంగా ఉండటానికి ఏం కావాలని ఎవరిని అడిగినా తిండి, ఇల్లు, ఆరోగ్యం, అప్పుల్లేని బతుకు, నా అన్నవాళ్లు అని చెప్పి, చివరికి "వీటన్నిటికన్నా మనశ్శాంతి ఉండాలండీ" అంటారు. మనశ్శాంతి అనగానే మనకు తీర్థయాత్రలు, ధ్యాన శిబిరాలు గుర్తుకొస్తాయి. చెవికి శాంతి లేని ఇంట్లో మనసుకు శాంతి ఎక్కడినుంచి వస్తుంది? కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు. మనం నిద్రపోతున్నా చెవి వింటూనే ఉంటుంది. రాత్రి లారీ హారన్‌కు మెలకువ రాకపోయినా గుండె వేగం ఒక్కసారి పెరిగి తగ్గుతుంది. "అలవాటైపోయింది" అని మనం అనుకుంటాం కానీ ఒంటికి పూర్తిగా అలవాటు కాదు.

ఆ తర్వాత ఏడాదిలో మా ఇంటిని చాలావరకు నిశ్శబ్దంగా మార్చుకున్నాం. మాది పెద్ద రోడ్డుకు ఒక్క వీధి లోపల, అపార్టుమెంటులో రెండో అంతస్తు. పెద్ద ఖర్చేమీ కాలేదు. మీ ఇంట్లోనూ చేసుకోవడానికి వీలుగా అవన్నీ వరుసగా చెబుతాను.

మొదట మూడు రోజులు వినండి

ఏదీ కొనకముందు, ఎవరితోనూ గొడవపడకముందు ఒక నోటుపుస్తకం తీసుకోండి. మూడు రోజులపాటు ఇబ్బంది పెట్టే ప్రతి చప్పుడునూ రాయండి. ఏ చప్పుడు, ఎన్ని గంటలకు, ఎంతసేపు, ఎక్కడినుంచి. అందులో ఒకటి ఆదివారం అయితే మంచిది. మధ్యాహ్నం ఇంట్లో ఉండేవాళ్లనూ రాయమనండి. వాళ్లు వినేవి మీకు తెలియవు.

నాలుగో రోజు ఆ జాబితాను మూడుగా విడదీయండి: మన ఇంట్లో పుట్టినవి, పక్కింటివి, వీధిలోవి. నేను వీధి మీదే నేరమంతా మోపాలని కూర్చున్నాను. తీరా చూస్తే మా జాబితాలో సగానికి పైగా మా ఇంట్లోవే! టీవీ, మిక్సీ, గరగరలాడే ఫ్యాను, కుర్చీలు ఈడ్చే చప్పుడు, నలుగురి ఫోన్లలో నాలుగు వీడియోలు. మీకూ అలాగే తేలవచ్చు. తేలితే సంతోషించండి, అవి మీ చేతిలో ఉన్నవి.

చప్పుడును డెసిబెల్స్‌లో కొలిచే యాప్ ఒకటి ఫోన్‌లో పెట్టుకోండి. అది చూపే అంకె కచ్చితమైనది కాదు, ఫోనుకూ ఫోనుకూ తేడా ఉంటుంది. ఒకే ఫోనుతో, ఒకే చోట, ముందూ వెనుకా పోల్చుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది. డెసిబెల్ లెక్క మామూలు కూడికలా ఉండదు. పది డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి పది రెట్లవుతుంది, చెవికి దాదాపు రెట్టింపుగా వినిపిస్తుంది. అందుకే అయిదారు డెసిబెల్స్ తగ్గినా తక్కువ కాదు. పడకగదిలో రాత్రి 30 డెసిబెల్స్ మించకుండా ఉంటే మంచి నిద్రకు అనువుగా ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశ నిబంధనల్లో నివాస ప్రాంతాల్లో ఆరుబయట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. మీ కిటికీ దగ్గర నిలబడి కొలవండి. మొదటి రాత్రి నాకు కనిపించిన అంకె 60కి పైనే.

మన ఇంటి చప్పుళ్లు

ఫ్యానుతో మొదలుపెట్టండి, ఎందుకంటే అది ఏడాదిలో తొమ్మిది నెలలు నెత్తిమీద తిరుగుతూనే ఉంటుంది. టకటకమంటే రెక్కల స్క్రూలో, పైన రాడ్డును కప్పే గిన్నో వదులైందని అర్థం. ఊగుతుంటే రెక్కల మీద దుమ్ము ఎగుడుదిగుడుగా పేరుకుందేమో ముందు తుడిచి చూడండి. గరగరమంటే బేరింగు మార్చాలి. వేగం తగ్గించినప్పుడు మాత్రమే "గుయ్య్" మంటుంటే తప్పు ఫ్యానుది కాకపోవచ్చు, రెగ్యులేటరుది. గుండ్రంగా ఎటైనా తిరిగే పాతరకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ తీసేసి, అంకె అంకెకూ ఆగే కెపాసిటర్ రకం పెట్టిస్తే ఆ మూలుగు చాలావరకు పోతుంది. కరెంటు పని కాబట్టి మెయిన్ ఆపి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

వంటింట్లో కుక్కర్ ఉంది. మొదటి విజిల్ రాగానే మంట బాగా తగ్గించండి. లోపల ఆవిరి ఒత్తిడి అలాగే నిలుస్తుంది, పప్పు అలాగే ఉడుకుతుంది, గ్యాసు మిగులుతుంది. విజిళ్లు లెక్కపెట్టే బదులు నిమిషాలు లెక్కపెట్టాలి, అంతే తేడా. మిక్సీ కింద రబ్బరు చాప వేసి, గోడకు ఆనకుండా ముందుకు జరపండి. గుడ్డ మడతపెట్టి వేయవద్దు, అడుగున గాలి ఆడే రంధ్రాలు మూసుకుపోయి మోటారు వేడెక్కుతుంది. కుర్చీల కాళ్లకు రబ్బరు తొడుగులు వేయండి, హార్డ్‌వేర్ దుకాణంలో కొద్ది రూపాయలకే దొరుకుతాయి.

నీళ్ల మోటారు సంగతి వేరు. దాన్ని స్లాబుకు నేరుగా బిగిస్తే ఆ అదురు స్తంభాల గుండా పాకి ప్రతి గదిలోనూ మోగుతుంది. మోటారు కింద మందపాటి రబ్బరు దిమ్మలు వేయించండి, గోడకు పైపును పట్టివుంచే క్లాంపుల లోపల రబ్బరు ముక్క పెట్టించండి. ట్యాంకు నిండగానే ఆగే ఆటోమేటిక్ స్విచ్చి ఉంటే రాత్రంతా నీళ్లు పొర్లే చప్పుడూ ఉండదు, నీళ్లూ వృథా కావు. మా అసోసియేషన్ సమావేశంలో ఇది ఒప్పించడానికి నాకు రెండు నెలలు పట్టింది. పట్టు వదలకండి.

ఇక టీవీ. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా రోజురోజుకూ దాని శబ్దం పెంచుతున్నారంటే కసురుకోకండి, చెవి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మా నాన్న టీవీ గొడవ మీద ఇంట్లో ఏళ్ల తరబడి మాటలు నడిచాయి. పరీక్ష చేయిస్తే వినికిడి బాగా తగ్గిందని తేలింది. అన్నేళ్లూ ఆయన్ను మొండివాడని అనుకున్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. వినికిడి యంత్రం పెట్టుకున్నాక టీవీ దానంతటదే తగ్గింది, ఆయన మళ్లీ మాటల్లో కలుస్తున్నారు.

ఫోన్లకు ఒకే నియమం పెట్టుకోండి: నలుగురున్న గదిలో వీడియో చూడాలంటే ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలి. పెద్దలకూ పిల్లలకూ ఒకే నియమం ఉండాలి, లేకపోతే రెండో రోజుకే చెదిరిపోతుంది.

బయటి చప్పుడు లోపలికి రాకుండా

గోడల కన్నా సందులు ముఖ్యం. గాలి దూరే చోటల్లా చప్పుడూ దూరుతుంది. ఎంత మంచి కిటికీ అయినా దాని వైశాల్యంలో నూరింట ఒక వంతు సందు ఉంటే, 20 డెసిబెల్స్‌కు మించి అడ్డుకోలేదు. కాబట్టి ఖరీదైన అద్దాల గురించి అడగడానికి ముందు సందులు వెతకండి.

ఫ్యాను ఆపి, తలుపులూ కిటికీలూ మూసి, ఒక అగరబత్తి వెలిగించండి. కిటికీ చట్రం చుట్టూ, తలుపు కింద, ఏసీ పైపు గోడలోకి వెళ్లే చోట నెమ్మదిగా తిప్పండి. పొగ నిటారుగా లేస్తుంటే ఫరవాలేదు. పక్కకు వంగిందా, అక్కడ సందు ఉంది. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. (కర్టెన్లు ముందే పక్కకు తీసి కట్టేయండి, నిప్పుతో పని కదా.) రాత్రిపూట ఇంకో పద్ధతి ఉంది. గదిలో దీపం ఆర్పి, బాల్కనీ వైపునుంచి ఒకరు టార్చి వేస్తూ పోతే వెలుగు కనిపించిన ప్రతి చోటూ చప్పుడు దారే.

ఇప్పుడు పూడ్చడం. అల్యూమినియం స్లైడింగ్ కిటికీలకు అంచుల్లో కుచ్చులాంటి పట్టీ ఉంటుంది. నాలుగైదేళ్లలో అది అరిగి రాలిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. కిటికీలు చేసేవాళ్లను పిలిచి ఆ పట్టీ ఒక్కటి మార్పించండి. మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ తేడా దీనివల్లే వచ్చింది. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ బిగించండి. చట్రానికీ గోడకూ మధ్య ఉన్న పగుళ్లలో సిలికాన్ పట్టించండి.

ఒక్క చోట మాత్రం చేయి పెట్టకండి. వంటింటి వెంటిలేటర్లు, గ్యాసు గీజర్ ఉన్న స్నానాలగది వెంటిలేటర్ ఎప్పుడూ మూయకూడదు. అక్కడ గాలి ఆడకపోతే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుని ప్రాణం తీస్తుంది. దానికి వాసన ఉండదు, ముందుగా తెలియదు.

పక్కింటివాళ్లతో ఉమ్మడి గోడ పలుచనిదైతే బట్టలు నిండా ఉన్న బీరువాను, పుస్తకాల అలమరను ఆ గోడ వైపుకు జరపండి. చప్పుడును ఆపేది బరువు. కోడిగుడ్ల అట్టలు, పలుచని ఫోము అతికిస్తే గదిలో ప్రతిధ్వని తగ్గుతుంది కానీ బయటి చప్పుడు ఆగదు. కర్టెన్లూ అంతే. ఇవి అమ్మేవాళ్లు చెప్పే మాటలు నమ్మి డబ్బు పోసుకోకండి. ఇవన్నీ చేశాక కూడా రోడ్డు చప్పుడు భరించలేకుండా ఉంటే, అప్పుడు పడకగది కిటికీ ఒక్కదానికే లామినేటెడ్ అద్దం (రెండు అద్దాల మధ్య పలుచని పొర అతికించినది) గురించి ఆలోచించండి. ఇల్లంతా అక్కర్లేదు. లేదా మంచాన్ని వీధివైపు గదినుంచి లోపలి గదికి మార్చండి, దానికి రూపాయి ఖర్చు లేదు.

పైఅంతస్తువాళ్లతో మాట్లాడటం

అందరూ భయపడేది దీనికే. భయపడాల్సిందీ దీని గురించే, ఎందుకంటే ఒక్క మాట తప్పుగా పడితే పదేళ్లు మెట్ల మీద ముఖాలు తిప్పుకుని వెళ్లాలి.

చప్పుడు వస్తుండగా, కోపంలో, రాత్రిపూట వెళ్లకండి. మర్నాడు సాయంత్రం, వాళ్లు కాఫీ తాగే వేళ చూసుకుని వెళ్లండి. లిఫ్టులో, నలుగురి ముందు అడగవద్దు. వాట్సాప్ గ్రూపులో అసలు రాయవద్దు. గ్రూపులో రాసిన మాట ఫిర్యాదు కాదు, పరువు తీయడం అవుతుంది. మొదట మీ ఇంటి చప్పుడు గురించి అడగండి: "అన్నయ్యగారూ, పొద్దున్నే మా మిక్సీ చప్పుడు మీకేమైనా ఇబ్బందిగా ఉంటోందా?" అది నటన కాకూడదు, వాళ్లు ఉందంటే మార్చుకోవాలి. ఆ తర్వాత మీ సంగతి చెప్పండి. "మీవాళ్లు ఎప్పుడూ గోల చేస్తుంటారు" అనవద్దు. "రాత్రి పదకొండు దాటాక కుర్చీ జరిగినప్పుడల్లా అమ్మకు మెలకువ వస్తోందండీ" అనండి. నోటుపుస్తకంలో రాసుకున్న వేళలు ఇక్కడ పనికొస్తాయి.

మా పైన ఉండే అబ్బాయి రాత్రిపూట విదేశీ కంపెనీ పని చేస్తాడు. చక్రాల కుర్చీ నేల మీద దొర్లితే కింద ఉరిమినట్టు ఉంటుందని అతనికి తెలియనే తెలియదు. తన గదిలో తనకు ఏమీ వినిపించదు కదా. మా పాత జంపఖానా ఒకటి మడిచి పట్టుకెళ్లి కుర్చీ కింద వేశాం. "ముందే చెప్పాల్సింది కదా అంకుల్, రెండేళ్లయింది!" అని నొచ్చుకున్నాడు. నేలమీద పుట్టే తాకిడి చప్పుడును పైనే ఆపాలి. కింద ఎంత ఫాల్స్ సీలింగ్ వేసినా అది స్లాబులోంచి, గోడల్లోంచి దిగుతూనే ఉంటుంది. కాబట్టి పైవాళ్ల సాయం లేకుండా ఇది తీరే సమస్య కాదు.

పసిపిల్లల ఏడుపు, జబ్బుపడ్డవాళ్ల మూలుగు గురించి మాత్రం ఎవరినీ అడగకండి.

మైకులు, డీజేలు, బారాత్‌లు

ఇక్కడ నిబంధనలు తెలిసి ఉండాలి. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట వాడకూడదు. మూసి ఉన్న హాళ్ల లోపల వాడుకోవచ్చు. పండుగలకు, సాంస్కృతిక ఉత్సవాలకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చు, అదీ ఏడాదిలో 15 రోజులకు మించకుండా. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట అత్యవసరమైతే తప్ప హారన్ కొట్టకూడదు, చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించవచ్చు. 2005 జులైలో సుప్రీంకోర్టు ఈ వ్యవహారంపై తీర్పిస్తూ, గోల లేని చోట బతకడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని తేల్చింది. వినను అనే హక్కు మనకు ఉంది. దీన్ని అడగడానికి ఎవరూ సిగ్గుపడాల్సిన పని లేదు.

అయినా ఫిర్యాదుకు ముందు మాట ప్రయత్నించండి. వినాయక చవితి మండపం వేయకముందే, చందాకు వచ్చినప్పుడే ఆ కుర్రాళ్లతో మాట్లాడండి. పందిరి లేచాక ఎవరూ వినరు. ఒకే పెద్ద స్పీకర్ వీధంతటికీ వినిపించేలా పెట్టే బదులు, నాలుగు చిన్న స్పీకర్లు జనం కూర్చునే చోట, కిందికి తిప్పి పెట్టమనండి. కూర్చున్నవాళ్లకు పాట స్పష్టంగా వినిపిస్తుంది, దూరపు ఇళ్లకు అంతగా రాదు. స్పీకర్‌నుంచి దూరం రెట్టింపు అయినప్పుడల్లా ఆరుబయట సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. కాబట్టి మండపాన్ని బాలింతో, మంచం పట్టిన పెద్దలో ఉన్న ఇంటినుంచి కొంచెం అవతలికి జరిపినా మేలే. మా వీధిలో కుర్రాళ్లు ఒప్పుకున్నారు. దేవుడి పని చెడగొట్టడానికి కాదు, నిద్ర కోసం అడుగుతున్నామని వాళ్లకు అర్థమైంది.

వినకపోతే 112కు ఫోన్ చేయండి. ఎక్కడ, ఏ చప్పుడు, ఎప్పటినుంచి అనే మూడు సంగతులు సూటిగా చెప్పండి. రోజూ ఇదే తంతు అయితే తేదీలు, వేళలు రాసిన దరఖాస్తు మీద నాలుగిళ్లవాళ్లతో సంతకాలు పెట్టించి పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మా దగ్గర ఒక ఫంక్షన్ హాలు ఉండేది. ఒక్కడినే వెళ్లిన మూడుసార్లూ చిరునవ్వుతో పంపించేశారు. పదకొండు సంతకాలతో వెళ్లిన నాడు ఆరుబయట పెట్టే స్పీకర్లు లోపలికి వెళ్లాయి.

ఏమీ చేయలేని రాత్రి కోసం మెత్తని ఫోము ఇయర్‌ప్లగ్గులు దగ్గర పెట్టుకోండి. శుభ్రమైన చేతులతో సన్నగా నలిపి, మరో చేత్తో చెవిని పైకి లాగి లోపల పెట్టి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో ఆపి ఉంచాలి. చెవిపోటు, చీము ఉంటే వాడవద్దు. ఇంట్లో రోగి ఉంటే, పిలుపు వినాల్సినవాళ్లు ఒకరైనా పెట్టుకోకుండా ఉండాలి.

ఆ గంట ఎవరిది

ఇంత చేశాక ఇంట్లో ఒక గంట దొరుకుతుంది. ఏ గంట అన్నది అందరూ కూర్చుని నిర్ణయించండి. మా ఇంట్లో మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు. ఆ గంటలో మోటారు వేయం, మిక్సీ తిప్పం, టీవీ పెట్టం, ఫోన్లు సైలెంట్‌లో ఉంటాయి, అత్యవసరమైన ఇద్దరి నంబర్లు మాత్రం మోగేలా పెట్టుకుంటాం. కాలింగ్ బెల్ స్విచ్చి కూడా ఆపేస్తాం. కొరియర్ అబ్బాయికి వాచ్‌మన్ దగ్గర ఇచ్చి వెళ్లమని చెప్పి ఉంచాం.

మొదటి నెలలో మేము చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఆ గంటలో నేను చదువుకున్నాను, నాన్న పడుకున్నారు, పిల్లలు బొమ్మలు వేసుకున్నారు. అమ్మ మాత్రం చప్పుడు చేయకుండా పప్పు బాగుచేసింది, నా భార్య చప్పుడు చేయకుండా బట్టలు మడతపెట్టింది. నిశ్శబ్దం అందరికీ వచ్చింది, విశ్రాంతి మాకే వచ్చింది. చాలా ఇళ్లలో ఇలాగే జరుగుతుందని నా నమ్మకం. ఇంట్లో అందరికన్నా ఎక్కువ చప్పుళ్ల మధ్య నిలబడేది వంటింట్లోవాళ్లే, నిశ్శబ్దం పంచేటప్పుడు చివరికి గుర్తొచ్చేదీ వాళ్లే. కాబట్టి ఆ గంటలో చేయాల్సిన పని ఏదైనా ఉంటే ముందే పంచుకోండి. నాలుగింటి కాఫీ ఇప్పుడు మా ఇంట్లో నేను కలుపుతాను.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఇదంతా వర్తించదు. పిల్లలు బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉండి, రోజంతా గడియారం చప్పుడు తప్ప వినని ఇళ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. వాళ్లకు కావలసింది మనిషి గొంతు. అలాంటివాళ్లు మీ మేడ మీద ఉంటే పిల్లలను సాయంత్రం వాళ్లింటికి ఆడుకోవడానికి పంపండి, ఆ గోల వాళ్లకు మందు. దూరాన మీ అమ్మానాన్నలు ఉంటే రోజూ ఒకే వేళకు ఫోన్ చేయండి. మాటలు తక్కువైనా ఆ వేళ తప్పవద్దు.

మా అమ్మ ఆ గంటలో బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. చేతిలో జపమాల ఉండదు, పుస్తకం ఉండదు. మొదట్లో నేను వెళ్లి "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగేవాణ్ని, తను ఏదో ఒక పని చెప్పడానికి తడబడేది. మీ ఇంట్లో ఎవరైనా అలా కూర్చుంటే ఏం చేస్తున్నారని అడగకండి.